ఎనిమిదో వీధిదీపం

జనవరి రెండో తారీఖున
నాలుగు రంగుల పెన్నులతో గీశాను పట్టిక.
సోమవారం పరుగు, మంగళవారం బరువులు,
బుధవారం మళ్లీ పరుగు,
ఆదివారానికీ ఒక గడి, ఖాళీగా ఉంటే పాపమన్నట్టు.
గురువారం నా మోకాలు
మెట్టు మీద కూర్చుని మొండికేసింది.

షెఫీల్డ్‌లో చదునైన నేల ఒక పుకారు.
మా బ్లేక్ స్ట్రీట్‌లో కాలిబాట వెంట ఇనుప కడ్డీ ఉంటుంది,
మంచు పడ్డ రోజున జనం దాన్ని పట్టుకుని
ఊగే పడవ దిగుతున్నట్టు దిగుతారు.

దిగువింటి క్లిఫర్డ్,
ముప్ఫైయేళ్లు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డవాడు,
నా పట్టిక చూసి నవ్వలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.
"దేనికోసం?" అన్నాడు.
ఆరోగ్యం కోసం, అన్నాను.
"అది అందరూ చెప్పేదే. నీకేం కావాలి?"
చాలాసేపటికి నోరు పెగిలింది:
రెండు చేతుల్లో సంచులతో, కడ్డీ పట్టుకోకుండా,
ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ మధ్యలో ఆగకుండా
ఇల్లు చేరాలి.

"ఐతే పరుగెందుకు?"
నాలుగు రోజులు కొట్టేశాడు.
కరెంటు బిల్లు కవరు వెనక రాసిచ్చాడు:
వారానికి మూడుసార్లు ఎక్కు.
కబుర్లు చెప్పగలిగేంత వేగం చాలు,
మాట తెగితే అడుగు తగ్గించు.
పది రోజులకో దీపం పెంచు. ఒక్కటే.

మరి మిగతా రోజులు? ఊరికేనా?

దానికి జవాబు నా వంటింట్లోనే దొరికింది.
ఈ చలిలో దోసెల పిండి
బాయిలర్ అల్మారాలో దాస్తే తప్ప పులవదు.
రుబ్బేంతవరకే నా చెయ్యి,
పొంగడం నేను నిద్రపోయాక.
మాటిమాటికీ మూత తీస్తే
ఏ పిండీ పొంగదు.

మార్చిలో జ్వరం, రెండు వారాలు మంచం.
ఆరంభశూరత్వం అని నన్ను నేనే తిట్టుకుంటుంటే
క్లిఫర్డ్ కిటికీ తట్టి రెండు వేళ్లు చూపించాడు.
ఈ దేశంలో అది బూతు.
నాలిక్కరుచుకుని, వేళ్లు కిందికి తిప్పాడు:
రెండు దీపాలు వెనక్కెళ్లి మొదలుపెట్టు.

ఇవాళ ఎనిమిదోదాని కింద ఉన్నాను.
ఒకటే సంచి, ఉల్లిపాయలూ పాలూ.
రెండోది వచ్చే నెల.
పైన ఇంకా ఐదు.
వాటిలో ఒకటి వెలగదు,
కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశాను,
నేను వెళ్లేసరికి బాగుచేయాలి కదా.

కడ్డీ నా కుడిపక్కన చల్లగా ఉంది.
ఉందో లేదో అని వేలితో తాకాను.
పట్టుకోలేదు.