రిఫరెన్సు: బయటికి ఇవ్వబడదు

పెదవాల్తేరు దిగుడులో
మా బి.ఇడి. కాలేజీ లైబ్రరీకి రెండు కిటికీలు.
సముద్రం వైపుది తెరవొద్దని ప్రిన్సిపాలు గారి ఆర్డరు.
తెరవకపోయినా వస్తుంది గాలి,
సభ్యత్వం కార్డు అక్కర్లేని మనిషిలా
తిన్నగా వచ్చి ఇనప బీరువాల కాళ్ళ దగ్గర కూచుంటుంది.

పదమూడేళ్ళుగా ఇక్కడ ముద్రలు గుద్దుతున్నాను.
తుపాను కిటికీ రెక్కని పట్టుకుపోయిన ఏడు
భౌతికశాస్త్ర బోధన పుస్తకాలన్నీ
మేడ మీద తాడుకి ఆరేశాను, చేపల్లాగే.
ఇప్పటికీ వాటి పేజీ తిప్పితే
అప్పడం విరిగిన చప్పుడు.

తనిఖీ వాళ్ళొస్తున్నారంటే
గాజువాక నుంచి వ్యానులో ఎనిమిదొందల పుస్తకాలు అరువొస్తాయి.
రెండ్రోజులుండి, టీలు తాగినవాళ్ళ వెనకే వెళ్ళిపోతాయి.
వాటికి నేను దుమ్ము దులపను.
అద్దె పెళ్ళికొడుక్కి నలుగెవరు పెడతారు?

ఈ ఏడు ఫిజికల్ సైన్సులో
మైలపిల్లి పోలమాంబ అని ఒక పిల్ల.
రిజిస్టరులో పేరు రాసేటప్పుడు
ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకునేది.
ఎర్ర సిరాతో 'బయటికి ఇవ్వబడదు' అని ఉన్న పుస్తకాన్నే
రోజూ అడిగేది.
రోజూ కుదరదనేదాన్ని.
అక్కడే కూచుని గీసుకునేది పాఠ్యపథకంలోకి,
స్కేలు పెట్టి, మూడు పరీక్షనాళికలు, మూడు మేకులు:
ఒకదాంట్లో నీళ్ళు,
ఒకదాంట్లో మరిగించిన నీళ్ళ మీద నూనె,
ఒకదాంట్లో పొడి గాలి.
ఆమె మోచేతి పక్కనే బీరువా
ఏ నాళికా లేకుండా
గోధుమ రంగు పొడిగా రాలుతుండేది.

టీచింగ్ ప్రాక్టీసు. జాలారిపేట బడి, ఎనిమిదో తరగతి.
సాయంత్రం చెప్పుల్లో ఇసకతో వచ్చి నిలబడింది.
"పాఠం బాగానే అయిందండి. సూపర్‌వైజరు గారు గుడ్ అని రాశారండి.
వెనక బెంచీలోంచి తెడ్డు ఎర్రయ్యని ఓ గుంటడు లేచాడండి.
'టీచరమ్మా, ఉప్పుగాలి ఇనుముని తినేస్తాదన్నావు.
మరి మా యమ్మ సేపకి ఉప్పే ఎడతాది.
దాన్నెందుకు తినీదేటి?' అన్నాడండి."

"నువ్వేమన్నావు?"

"గంట కొట్టారన్నానండి."
కాసేపాగి,
"మా అమ్మా ఎండుచేపలే అమ్ముతాదండి."

ఆ రోజు ఆరింటికి తాళం వెయ్యలేదు నేను.
రసాయనం అరలో తుప్పు ఉంది, చేప లేదు.
జీవశాస్త్రం అరలో సూక్ష్మజీవులున్నాయి, మేకు లేదు.
బోధనాపద్ధతుల్లో
'విద్యార్థుల ప్రశ్నలను ప్రోత్సహించవలెను' అని ఉంది,
అయిదు పుస్తకాల్లో, అదే వాక్యం.
నేల మీద అన్నీ బోర్లా పరిచి
మధ్యలో కూచున్నాం ఇద్దరం.
స్టీలు ప్లాంటు బస్సు వెళ్ళింది. ఇంకోటి వెళ్ళింది.

పోలమాంబే అంది, నాతో కాదు, చాపతో అన్నట్టు:
"నీళ్ళండి. రెండు చోట్లా ఉప్పుకి కావాల్సింది నీళ్ళే.
చేపలోంచి లాగేస్తాది, కుళ్ళబెట్టే పురుగు దాహంతో చస్తాది.
ఇనుము మీదికైతే గాలిలోంచి పిలుచుకొస్తాది.
ఉప్పు అదే. నీళ్ళు ఎటు నడిచాయన్నదే తేడా."

నాది చరిత్ర డిగ్రీ.
అది సరో కాదో, తెల్లారి కెమిస్ట్రీ మేడం తల ఊపేదాకా
నాకు కుదురు లేదు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది.
"ఒకటి బయటికి ఇస్తారా అండి?"
"రిఫరెన్సు కదమ్మా…"
"పుస్తకం కాదండి."
తలపిన్ను తీసి బీరువా కాలు గీకింది,
పాత గడువు చీటీ మడతలోకి.
ఎర్రయ్యకి చూపించాలిట.

రిజిస్టరు తెరిచాను.
బీరువా తుప్పు, చిటికెడు.
తీసుకున్నవారి గడిలో
ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు,
అక్షరాలు పక్క గడిలోకి కూడా వెళ్ళాయి.

తిరిగి ఇవ్వవలసిన తేదీ
ఏం వెయ్యాలో తోచక
మూసిన కిటికీ వైపు చూశాను.
ఇంకా వస్తూనే ఉంది.