మొదటి ఉత్తరం

న్యూపోర్టులో, పాత బస్సు డిపో వెనక
క్రేను దించిపోయిన పన్నెండు పెట్టెలు.
ఏడోది గ్విలిమ్‌ది.
మంచం, కెటిల్, మోచెయ్యి తగిలే స్నానాల గది.
వానొస్తే పైకప్పు మీద
మూకుట్లో వేరుశనగలు వేగుతున్న చప్పుడు.

మొదటి వారమంతా నేల మీదే పడుకున్నాడు,
బూట్లు తలకింద పెట్టుకుని.
"ఇక్కడెవరు ఎత్తుకుపోతారు?" అన్నాను.
"ఏం చెయ్యను నెరిస్,
అలవాటు నాకంటే ముందే నిద్రలేస్తోంది."

ఈవేళ తలుపు సందులోంచి ఉత్తరం పడింది.
కోర్టుది.
రెండేళ్ల కిందట చెప్పుల కొట్టు గుమ్మంలో
పడుకున్నందుకు జరిమానా,
కట్టనందుకు దాని మీద ఇంకొంత.
ఇన్నాళ్లూ ఎన్ని వీధులు తిరిగిందో
దానికీ చేరే ఇల్లు లేక.

గురువారం వెళ్దాం, లాయరుతో మాట్లాడాను,
ఉన్నదున్నట్టు చెబుదాం,
నేను పక్కనే ఉంటాను, అంటున్నాను.
వినడం లేదు.
కవరు మీద వేలు జరుపుతూ
కూడబలుక్కుంటున్నాడు:
గ్విలిమ్ ప్రోబర్ట్,
ఏడో నంబరు క్యాబిన్...

కెటిల్ మరిగి మరిగి దానంతటదే ఆగింది.

"కాగితం నువ్వు తీసుకుపో,
కవరు మాత్రం ఉంచు" అని
కిటికీ అద్దానికి ఆనించాడు,
రాత
బయటివాళ్లకి కనబడేలా.