ఎడమ గడప

నవంబరు వస్తే చాలు
మా కొక్కొలా రోడ్లకు ఉప్పు తినిపిస్తారు.
ఉప్పు తిన్న విశ్వాసం గురించి మనుషులకు చెప్పారు గానీ
ఇనుముకు ఎవరూ చెప్పినట్టు లేదు.
కరిగిన మంచుతో పాటు తలుపు కిందికి దూరి
తీరిగ్గా కూర్చుని తింటుంది తుప్పు.

హిల్కా తెచ్చిన వోల్వో అరవై ఆరు నాటిది.
గుమ్మంలో నిలబడి చూస్తే మీగడ రంగులో మెరిసిపోతోంది.
స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్ళాను
పుచ్చకాయ బేరమాడేవాడిలా చెవి ఒగ్గి.
టంగు. టంగు. టంగు.
ఎడమ గడప దగ్గర
అట్టపెట్టె మీద కొట్టినట్టు, డబ్బుమంది.
పైన పటారం, లోన లొటారం.

"ఎంత పోయింది?"
"కోస్తే గానీ తెలీదు."
నలభై ఏళ్ళు ఆవులకు పురుళ్ళు పోసిన పశువుల డాక్టరు ఆమె.
"నేనూ రైతులకు అదే చెప్పేదాన్ని" అని
తాళాలు బల్ల మీద పెట్టి పోయింది.

ముందు ఫెండరు కోసం తిరిగాను.
మంచి ఇనుము కావాలంటే మంచి చలిలో వెతకాలి,
ఉప్పు కూడా పనిచేయని చలిలో.
అక్కడ రోడ్డు మీద ఇసకే చల్లుతారు.
ఐదు గంటలు తూర్పుకి నడిపితే
కుహ్మో అవతల ఒక కొట్టంలో దొరికింది,
వెల్లకిలా పడుకుని, కడుపు నిండా నీళ్ళతో.
చుట్టూ పదకొండు కోళ్ళు.
"ఇది నువ్వు పట్టుకుపోతే ఇవి ఎందులో తాగాలి?" అన్నాడు ముసలాయన.
న్యాయమే.
రెండు వందల యూరోలు, ఒక ప్లాస్టిక్ తొట్టి.
తొట్టి కోసం మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళాల్సొచ్చింది.

ఆ తర్వాత గడప.
గ్రైండరు పెట్టగానే నిప్పురవ్వలు రాలేదు,
పుట్టీ దుమ్ము లేచింది, తెల్లగా, పిండిమరలోలాగా.
పుట్టీ కింద ఫైబరు గుడ్డ, ఎవరిదో.
దాని కింద తారు, ఇంకెవరిదో.
అట్టడుగున
సాగగొట్టిన కాఫీ డబ్బా రేకు, ఎర్రది.
ఆరు రివెట్లు.
ఆరూ ఒకే వైపు వాలి ఉన్నాయి,
ఎడమచేతి వాటం వాడు తొందరలో బిగిస్తే వాలినట్టు.

గ్రైండరు ఆపేశాను.
నా ఎడమచేతిలోనే ఉంది అది.

ఎనభై తొమ్మిది. ఓలవి షెడ్డు.
రేపు తనిఖీ, ఎల్లుండి కొనేవాళ్ళు వస్తారన్నాడు ఓలవి.
రంగు కొడితే ఎవడికి తెలుస్తుందన్నాడు.
నాకు ఇరవై రెండేళ్ళు.
ఆ డబ్బాలో కాఫీ కూడా నేనే తాగాను.

హిల్కా వచ్చినప్పుడు రేకు బల్ల మీదే ఉంది.
దాచొచ్చు. చెత్తబుట్ట అడుగు దూరంలో ఉంది.
చేతులు తుడుచుకున్నాను,
తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాను.
"ఇది పెట్టింది నేనే" అన్నాను.

ఆమె కళ్ళజోడు పైకి నెట్టి
రేకును అటూ ఇటూ తిప్పింది,
దూడ చెవి చూసినట్టు.
"ఓలవి నా దగ్గర పన్నెండు వేల మార్కులు తీసుకున్నాడు.
నీకెంత ఇచ్చాడు?"
"యాభై."
నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
"ఒకసారి వాన నీళ్ళు లోపలికొచ్చి
వెనక సీట్లో దూడ తడిసింది" అంది.
అంతే.
అది బతికిందో లేదో నేను అడగలేదు.

కొత్త గడప కోశాను, వంచాను, అతికాను.
వేలెడు వేలెడు చొప్పున, చల్లారనిచ్చి,
మళ్ళీ వేలెడు.
రేకు వేడెక్కితే అలిగి ముడుచుకుంటుంది,
దానితో పంతం పనికిరాదు.
తలుపు మూసి చూశాను. పట్టింది.
తీసి, మళ్ళీ మూశాను.
పూర్తిగా మూసేసే ముందు
లోపలి వైపు సుద్దముక్కతో
నా పేరూ తేదీ రాసి
పైన మైనం పోశాను.

బిల్లులో గడప వేయలేదు.
ఆమె పెన్ను అడిగి తీసుకుని
తనే వేసింది, కోళ్ళ తొట్టితో సహా.