యడాగమం

జుమేరాత్ బజార్లో పాత తలుపుల బందులు ఏరుకొని
సంచీ గలగలమనిపిస్తూ కోఠీ దాకా నడిచొచ్చేవాడు
బాలనర్సు.
అనాటమీ మ్యూజియంలో అటెండరు.
బొక్కలకు తీగ కట్టి మనిషిని నిలబెట్టడం ఆయన పని.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం.
మొదటి వైవాలో, మెడ తిరిగే చోటు పేరడిగితే
బొంగరపు కీలు అన్నాను.
గది మొత్తం నవ్వింది.
సీసాలోని పిండం కూడా నవ్వినట్టే అనిపించింది.

ఆ సాయంత్రం తాళాలగుత్తి బల్ల మీద పెట్టి
"తప్పేం జెప్పినవ్ బిడ్డా? బొంగరమే గదా" అన్నాడు.
రెండో మెడపూస ముల్లుకి
మొదటి పూసను ఉంగరంలా తొడిగి
అటూ ఇటూ తిప్పాడు.
కాదనడానికి ఇది.
ఔననడానికి దీని పైది, పుర్రె ఊగే చోటు.
రెండు వేళ్ల ఎడంలోనే
మనిషి ఒప్పుకోలూ మొండితనమూ.

మోచేతికి ఇత్తడి బందు బిగించాడు,
ఒక్కవైపే తెరుచుకునే తలుపు.
తుంటిగిన్నె రోలంత లోతు,
భుజానిది చాయ్ సాసరంత.
"అందుకే భుజం ఊకె జారుతది,
ఎటువడితె అటు తిరిగేటోనికి ఇల్లు గట్టిగుండదు."
బొటనవేలి మొదట్లో చిన్న జీను.
దాని మీద స్వారీ చేస్తూనే మనం
సూదికి దారమెక్కిస్తాం, పప్పన్నం కలుపుతాం,
అప్పుకాగితం మీద సంతకం పెడతాం.

పుర్రె దగ్గర మాత్రం తీగ తీయలేదు.
మూసీ ఒంపుల్లాంటి కుట్లు చూపించాడు.
పసిమాడు మీద టపటపలాడిన మెత్తదనం
ముదిరి అతుక్కున్న గీతలు.
కదలనిది కూడా కీలేనా? అన్నాను.
"రెండు గలిసిన జాగ ఏదైనా కీలే.
మా అన్నా నేనూ ఒక్కింట్లనే ఉంటం,
మాటల్లేక పదకొండేండ్లాయె."

తర్వాత సైకిల్ ట్యూబును గుండ్రంగా కత్తిరించి
ఎముకకీ ఎముకకీ నడుమ పెట్టాడు.
"గీ బొక్క గా బొక్కకు తాకొద్దు.
అసలు మనిషిలైతె గుడ్డు తెల్లసొన లెక్క
ఇంత జిగురుంటదట.
నడుమ జాగనే నడుస్తది బిడ్డా,
ఉత్త బొక్కలు నడుస్తయా?"

మా అమ్మ బళ్లో నేర్పే సంధి వేరు.
రెండచ్చులు కలిస్తే ఒకటి పోవలసిందే.
పోయినదాని గురించి ఎవరూ అడగరు,
మార్కులేసి ముందుకు వెళ్తారు.
కానీ సంధి లేనిచోట
ఎక్కణ్నించో ఒక య వచ్చి నిలబడుతుంది.
మా, అమ్మ.
మాయమ్మ.
ఎవరూ పోలేదు.
హాస్టల్లో ఆ రాత్రంతా
ఒంట్లోని కీళ్లన్నీ ఆ ఒక్క సూత్రంతో చదివాను.
పరీక్షలో రాయలేదు. రాస్తే సున్నా.

ఎన్నేళ్లయిందో.
అఫ్జల్‌గంజ్ ఉస్మానియాలో ఓపీ,
ఫ్యాను తిరగని మధ్యాహ్నం,
చీటీ మీద బాలనర్సు, అరవై నాలుగు, మోకాలు.
ఎక్స్‌రేను కిటికీ వెలుగుకి ఎత్తాను.
తొడ ఎముక దిగి కాలి ఎముక మీద కూర్చుంది.
నడుమ నల్లని సందు ఉండాలి, లేదు.
సంధి అయిపోయింది.

నేను నోరు తెరవకముందే
"ట్యూబు ముక్క అరిగినట్టుంది గదా" అన్నాడు.
జుమేరాత్ బజార్లో ఇప్పుడు మంచి బందులు దొరకట్లేదని,
అన్న పోయిండని,
ఇంట్లో గిప్పుడు మాట్లాడబుద్ధయితుందని
వరసగా చెప్పుకుపోయాడు.

లేచాడు. లిఫ్టు పనిచేయడం లేదు.
నా భుజం మీద చెయ్యి వేశాడు,
సాసరంత లోతు లేని భుజం.
ఒక్కో మెట్టు పక్కవాటుగా దిగుతుంటే
ఆయనకూ మెట్లకూ నడుమ
నేను నిలబడ్డాను.