మూడు పలకలు

మా ఫ్యాక్టరీలో అంచు విరిగిన పలకకి లెక్క లేదు.
చట్రం ఎక్కదు, పెట్టెలో చేరదు,
గోడవారన పడుంటది.
అట్లాంటివి మూడు ఏరుకొచ్చా,
చొక్కా లోపల పెట్టుకోని, దొంగలాగా.

ఏడు నెలల ఆదివారాల కూలి,
రోజుకి మానేసిన రెండు టీలు,
కొట్టులో బాకీ ఇంకో నెల ఆపిన సిగ్గు.
నలుగురం. రానూ పోనూ బస్సు,
ఒక పూట అన్నం, నాలుగు పుల్లైసులు.
పలక మీదే కూడా. పలక మీదే తుడిచా.
హుసేనమ్మకి కూడా చెప్పలా.

సోమవారం రాత్రి 'స' రాసి బియ్యం డబ్బాలో దాచా.
మంగళవారం 'ము', నీళ్ల డ్రమ్ము మూత కింద.
బుధవారం 'ద్రం', షమీమా పుస్తకాల సంచిలో.
అక్షరం అక్షరం దొరికే కొద్దీ
పిలకాయల కళ్లు పెద్దవవుతయ్యనుకున్నా.

'స' హుసేనమ్మకి దొరికింది.
"సగమే ఉండయ్యని రాశావా? నాకు కనపడ్డల్యా?" అనింది.
'ము'కి చెమ్మ తగిలి కొమ్ము కరిగిపోయింది.
మిగిలిన 'మ'ని మా చిన్నోడు దాదాపీరు
ఉమ్మి తడిచేసిన వేలితో చెరిపి
దాని మీద ట్యాంకరు బొమ్మ గీశాడు.
మార్కాపురంలో వాడికి తెలిసిన నీళ్లన్నీ
చక్రాల మీదే వచ్చినయ్ మరి.
'ద్రం' మాత్రం షమీమా చూసింది.
చూసి ఏం మాట్లాడలా.

శనివారం రాత్రి,
"రేపు తెల్లారకముందే లేవాల" అన్నా.
"యాడికి?"
"పళ్ల డాక్టరు కాడికి."
ఆ అబద్ధం ఎట్లా ఊడిపడిందో నాకే తెలీదు.
దాదాపీరు పెదాలు బిగించి పడుకున్నాడు.
పొదిలి దాటినా తెరవలా,
చీమకుర్తిలో నల్లరాయి లారీలు వరసకట్టినా తెరవలా,
ఒంగోల్లో ఇడ్లీ చూపించినా తల అడ్డంగా ఊపాడు.

కొత్తపట్నం బస్సులో గాలి మారింది.
"ఏందయ్యా ఈ వాసన?" అంది హుసేనమ్మ.
"ఆసుపత్రి దగ్గర పడ్డది" అన్నా.

సరుగుడు చెట్లు అయిపోయినయ్.

"ఇదిగో!" అని చెయ్యి చాపాలని
అద్దం ముందర రెండుసార్లు చాపి చూసుకున్నా కూడా.
చెయ్యి లేవలా.
ముప్పై ఎనిమిదేళ్లు నాకు.
టీవీలో తప్ప నేనూ చూడలా ఇంతవరకు.
పెళ్లైన కొత్తల్లో మద్రాసులో చూశానని
హుసేనమ్మకి కోతలు కోశా గానీ.

షమీమా నా చిటికెన వేలు పట్టుకుంది.
"నాకు బుధవారమే తెలుసు నాయనా.
ద్రంతో ఇంకేం వస్తది?
దరిద్రం వస్తది గానీ
దానికి పలక ఎందుకు, మనకి తెలిసిందే గదా."
"మరి చెప్పలేదేం?"
"నువ్వు దాస్తా ఉంటే చూడబుద్ధయింది."

అప్పుడొచ్చింది అల.
మోకాళ్ల దాకా తడిసి, పొద్దుటి నుంచి మూసిన నోరు
తెరిచాడు దాదాపీరు:
"నాయనా, ఇన్ని ట్యాంకర్లు ఎవురు తోలారు?"

చెప్పుంటే నీలం చీర కట్టుకోనొద్దును గదా అని
హుసేనమ్మ నవ్వతానే తిట్టింది, అలల కన్నా గట్టిగా.
కాసేపాగి, కొంగు పిండుకుంటా,
"మద్రాసులో కూడా ఇట్టానే ఉండెనా?" అనడిగింది.
"ఇంత లేదు" అన్నా.
నా మొహంలోకి చూసింది.
ఇంకేం అడగలా.

సోమవారం చట్రాలకి మేకులు కొడతంటే
గోళ్ల సందుల్లో ఇసుక.
గోడవారన విరిగిన పలకలు కొత్తవి ఐదు.
ఐదక్షరాల చోటు ఏదుందో
షమీమాని మాత్రం అడగకూడదు.