ఎగ్జిబిట్ ఏ-7

అది నా పుస్తకమే మేడం.
తాడిపత్రి బస్టాండు కాడ పది రూపాయలకు కొన్నది.
అట్ట మీద నెమలి, దాని మీద గ్రీజు మరక.
నేను చదివింది ఏడో తరగతి. అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి గానీ
కిలోమీటర్ల అంకె మాత్రం తప్పు రాయను.

నలభై ఎనిమిది లక్షల బండి.
షోరూములో దానికి పూలదండ వేసిరి.
మా ఓనరు చెన్నకేశవులు చేతికి మూరెడు అట్ట తాళంచెవి ఇచ్చి
ఫొటో తీసిరి.
నేను నిమ్మకాయలు పట్టుకొని పక్కన నిలబడితి,
నాలుగు చక్రాలకు నాలుగు.
అయిదోది గేరుబాక్సుకు కావాలని ఎవరికి తెలుసు?

పన్నెండో దినం పామిడి బ్రిడ్జి మీద పసుపు దీపం వెలిగింది.
గేరు పడలే.
వెనక లారీలోళ్లు హారన్లతో మా వంశాన్నంతా తలుచుకునిరి.
2,140 అని రాసుకుంటి.

మూడోసారి పెనుకొండ దాటినాక. 6,415.
క్రేను వచ్చేదాకా తెల్లార్లూ నేనే కాపలా.
నడుము పిసికే సీటంట అది.
ఇంజను ఆగితే అదీ పిసకదు.

తొమ్మిదిసార్లు సర్వీసుకు పోయింది.
తొమ్మిది జాబ్ కార్డుల్లోనూ ఒకటే మాట,
'లోపం కనిపించలేదు'.
ఆరోసారి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినామనిరి.
అది గేటు దాటింది, సర్కిలు దాటలే.

ఓనరు షోరూము అద్దాలు పగలగొడతానని లేచినాడు.
లాయరు వన్నూరమ్మ కూర్చోబెట్టింది.
"కంపెనీ యాడుంటే మనకేమి, నువ్వుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు.
రెండేండ్లు దాటలేదు గదా? కాగితాలు తీసుకరా.
కోపం రుజువు కాదు."
తర్వాత నా వైపు తిరిగి,
"దస్తగిరీ, నీ జేబులో ఏముంది?" అనింది.

అనంతపురం. కమిషన్ వరండా.
బల్ల మీద నా పక్కనాయన ఒడిలో
మొలవని బుడ్డల విత్తనాల సంచి.
నీదేంది అన్నాడు. చెప్పినా.
ఎంత అన్నాడు. చెప్పినా.
చానాసేపు ఇద్దరం మాట్లాడుకోలే.
ఆఖరికి ఆయనే,
"మొలవలేదంటావు. అంతేగదా" అన్నాడు.

కంపెనీ లాయరు నల్లకోటు సర్దుకున్నాడు.
బిల్లు పాలిషింగ్ ఫ్యాక్టరీ పేరున ఉంది,
వ్యాపారానికి కొన్న బండి,
కాబట్టి ఇక్కడ వినియోగదారుడే లేడన్నాడు.
తొమ్మిదిసార్లు లోపం లేదనిరి,
పదోసారి మనిషే లేడనిరి.

"ఇందులో బండలు మోశారా?" అని నన్నడిగినాడు.
అది దాన్నదే మోసుకోలేకపాయె సార్,
మేమే మోసినాం అంటి.
మరెవరు ఎక్కుతారంటే చెప్పినా.
ఓనరమ్మ మోకాళ్ల డాక్టరు కాడికి.
పాప నీట్ పరీక్షకు.
ఆపొద్దు నార్పల కాడ ఆగింది, 11,902.
పాప పాలవ్యాను ఎక్కి పోయింది,
గేటు మూసేకి నాలుగు నిమిషాల ముందు చేరింది.
ఆ నాలుగూ రాసినా, చూడండి.

"నువ్వు ఇంజనీరువా?"
కాదు సార్. ఇరవై ఆరేండ్లుగా డ్రైవరును.
బండి అబద్ధం చెప్తే కాలికి తెలుస్తుంది.

బండి ధర, దాని మీద వడ్డీ,
మనోవేదనకు రెండు లక్షలు అని అర్జీలో ఉంది.
పెనుకొండ దోమలు ఎవర్ని కుట్టిండేదీ అందులో లేదు.
నేనూ అడగలే.
చట్టం కొన్నోడి పక్కన నిలబడింది. నిలబడనీ.
నడిపినోడు సాక్షి.

మేడం పేజీలు తిప్పుతా తిప్పుతా
ఒక కాడ ఆగింది. "ఇదేమిటి?"
మా ఇంటి పాల లెక్క మేడం.
నవ్వింది. సీలు దాని మీద కూడా పడింది.

వాయిదా వచ్చే నెల పద్నాలుగు.
అందాకా పుస్తకం కోర్టులోనే.
పాల లెక్క తలుపు మీద సుద్దముక్కతో రాస్తాంటి.
మొన్న జల్లు కొట్టింది.
ఇప్పుడు పాలామె అరలీటరు ఎక్కువ చెప్తాంది.
నా కాడ రుజువు లేదు.