గచ్చు తట్టి

నా బదిలీ కాగితం మీద శ్రీకాకుళం అని ఒక్క మాటే ఉంది.
ఏ వీధిలో దిగాలో, పిల్ల ఎవరితో ఆడుకోవాలో
అందులో రాయలేదు.

గుడివాడ నుంచి తెచ్చుకున్న పాత లెడ్జర్లో గీతలు కొట్టాను:
అద్దె, నీళ్ళు, ఆసుపత్రికి దూరం, బడికి దూరం.
చివరి గడి ఖాళీగా ఉందని
హెప్సిబా అందులో మేకను గీసింది.
మూడు కాళ్ళే. నాలుగోది గడిలో పట్టలేదట.

మా ఆయన టైల్సు పనోడు.
ఇల్లు చూపిస్తే గోడలు చూడడు, కిటికీలు చూడడు,
గొంతుక్కూర్చుని వేలి కణుపుతో గచ్చు తడతాడు.
బోలు మోగితే నా వైపు చూస్తాడు.
ఆ చూపుకి మేం చెప్పులు తొడుక్కుంటాం.

డే అండ్ నైట్ కూడలి వెనక మేడ.
గచ్చు గట్టిది, కొళాయి ధార పిల్ల చెయ్యంత లావు.
"ఏరు పొంగినా మా గడప తొక్కదమ్మా" అన్నారు పెద్దాయన,
వెనక గోడ మీద నడుమెత్తున బురద చార
సున్నం కిందనుంచి తొంగి చూస్తూనే ఉంది.
పోనీలే అనుకుని అడ్వాన్సు లెక్కపెడుతుంటే
"పాప పేరేటమ్మా?" అన్నారు.
అది చేతులు కట్టుకుని చెప్పింది,
సండేస్కూల్లో నేర్పినట్టు, ఇంటిపేరుతో సహా.
నోట్లు మళ్ళీ నా వైపు జరిగాయి.
మేనల్లుడొస్తానన్నాడట, అప్పుడే గుర్తొచ్చిందట.

మెట్లు దిగుతూ అడిగింది: "నేను తప్పు చెప్పానా?"
"ఒక్కక్షరం కూడా తప్పు లేదు" అన్నాడు వాళ్ళ నాన్న.
లెడ్జర్లో ఆ ఇంటికి అన్ని గడుల్లోనూ టిక్కులే.
ఊరిని మేం ఎంచుకుంటున్నామనుకున్నాను ఆ పూట దాకా.

బడి నాలుగంతస్తులు.
ఒకటో తరగతికే ఐఐటీ పునాది అని రంగుల కాగితం.
ఆటస్థలం ఏదండీ అంటే డాబా చూపించారు.
ఇనప కంచె, నీళ్ళ ట్యాంకు, దాని నీడ.
దిగొస్తూ ఈయన రిసెప్షన్లో గచ్చు తట్టాడు,
అందరూ చూస్తుండగా. సిగ్గుతో నేను మొహం తిప్పుకున్నాను.
బోలే.
అయినా ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను,
అబద్ధమెందుకు.

గుజరాతీపేటలో మునిసిపాలిటీ బడి
దారి తప్పి వెళితే కనబడింది.
రెండు గదులు, ఒకదానికే తలుపు.
నీలవేణి టీచరు ఒక చేత్తో లెక్క రాస్తూ
ఇంకో చేత్తో ఎవరిదో ముక్కు తుడుస్తోంది.
గుడ్లు ఒలుస్తున్న దాలమ్మ తలెత్తి
"ఏటే గుంటా, గుడ్డు తింతావేటి?" అంది.
తర్వాత నాతో, "మీరెవులమ్మా?"

నేను ఊపిరి బిగబట్టాను.

"అదేనమ్మా, సాయంత్రం ఎవులొస్తారు తీసుకెళ్ళడానికని.
తెలీనోళ్ళకి మేం పంపం."

ఈయన తట్టడానికి వంగాడు. నల్లరాతి పలకలు,
మధ్యలో పెద్ద బీట.
అప్పటికే వాటి మీద సుద్దతో తొక్కుడుబిళ్ళ గీసుంది,
మూడో గడిలో ఒంటికాలి మీద మా హెప్సిబా.
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

దాలమ్మ తోటికోడలి ఇంట్లో రెండు గదులు,
పైన రేకులు. మధ్యాహ్నం పెనం మీదున్నట్టుంటుంది.
పేరు విన్నాక కూడా తాళంచెవి ఇచ్చింది.

నలభై రోజులైంది.
రంగుల కాగితం బియ్యం డబ్బా కిందే ఉంది ఇంకా.
రాత్రి డ్యూటీలో సెలైను చుక్కలు లెక్కపెడుతూ
ఆ నాలుగంతస్తుల పిల్లలు ఎక్కడిదాకా చదివారో అనుకుంటాను.
దాన్ని నేనేమైనా తక్కువ చేశానా?
గుండె మీద తడితే ఏం మోగుతుందో, ఆయన్ని అడగలేదు.

నిన్న అన్నం ముందు కూర్చుని
"ఏటమ్మా, ఉలకవు పలకవు?" అంది.
గుడివాడలో పుట్టిన నాలుక.

లెడ్జరు తీసి ముందు పెట్టాను:
మేకకి ఆ కాలేదో గీసెయ్యి.
పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గడి బయటికెళ్తే కొడతావేటి?"